పాత ట్రాక్టరు: మరమ్మతుకా, తూకానికా?

బాసర: గోదావరి ఒడ్డు రేగడి చేలలో దశాబ్దాలు దున్ని, చెట్టు కింద తుప్పు పడుతున్న ట్రాక్టరును బాగు చేయించాలా, పాత ఇనుము కింద తూచి ఇవ్వాలా అన్నది రైతుకే కాదు, దానిని కొని అమ్మే వర్తకునికీ చిక్కు ప్రశ్నే. భైంసా, నిజామాబాద్, ధర్మాబాద్ మూడూ అందుబాటులో ఉన్నందున ఈ ప్రాంతంలో బేరగాళ్లకు కొరత లేదు. లెక్క తేలడమే కష్టం.

ముందు చూడవలసింది బండి వయస్సు కాదు, వంశం. హెచ్.ఎం.టి. సంస్థ చెకోస్లొవేకియా వారి జెటార్ సహకారంతో 1971లో పింజోర్‌లో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది. 25 హార్స్‌పవర్ 2511 ఆ కోవలోదే. 2016లో ఆ విభాగం మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. కనుక విడిభాగాలకు పాత నిల్వలు, బయటి తయారీదార్లు, లేదా మూలపడ్డ మరో బండి, ఇవే దిక్కు. మాసీ ఫెర్గూసన్ 1035 సంగతి వేరు. టాఫే వారు ఆ పేరుతో నేటికీ బండ్లు అమ్ముతున్నందున సామాను దొరుకుతుంది.

ఇంజను పట్టేసి ఉన్నంత మాత్రాన బేరం వదులుకోనక్కరలేదు. పిస్టన్లు, లైనర్లు, రింగులు మార్చవచ్చు. క్రాంక్ షాఫ్టు అరిగితే గ్రైండింగు చేయించవచ్చు. అయితే బ్లాకు పగిలినా, గేరుబాక్సు పళ్లు రాలినా, హైడ్రాలిక్ లిఫ్టు హౌసింగు చీలినా ఖర్చుకు అంతుండదు. డీజిల్ పంపును విప్పి చూడకుండా ధర మాట్లాడరాదు. రంగు వేసి తెచ్చిన బండిని రెండింతలు అనుమానించాలి. వెనుక టైర్ల జత ఒక్కటే చాలా బేరాలను తలకిందులు చేస్తుంది.

ఉదాహరణకు బండి 40 వేలకు కొని, మరమ్మతుకు 1 లక్షా 20 వేలు పెట్టారనుకుందాం. మొత్తం 1 లక్షా 60 వేలు. నడిచే బండి 1 లక్షా 30 వేలకు మించి పలకకపోతే వర్తకునికి 30 వేలు చేతి చమురు. సొంత చేలకు వాడుకునే రైతుకు డీజిలు, డ్రైవరు ఖర్చు పోను ఏటా 25 వేల కిరాయి మిగిలితే రెండో ఏడాదికి ఆ తేడా పూడుతుంది. అదీ సొంత డబ్బయితేనే. నూటికి రూపాయిన్నర వడ్డీకి తెస్తే ఏడాదికి వడ్డీయే 28,800! మిగులు మొత్తం మింగి పైన మరో 3,800 అడుగుతుంది. పాతబండిపై అభిమానం కొద్దీ అప్పు చేసినవారు ఇక్కడే దెబ్బతింటారు.

పైగా 25 హార్స్‌పవర్ బండి రేగడిలో రోటవేటరును సరిగా లాగలేదు. విత్తనం వేయడానికి, గుంటుకకు, సోయా నూర్పిడికి, పత్తిని భైంసా యార్డుకు చేర్చడానికి పనికివస్తుంది. ఆ పనులు చాలా ఉన్న ఇంటికే అది లాభం.

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, ట్రాక్టరు టైర్లు, విడిభాగాలపై 18 నుంచి 5 శాతానికి తగ్గింది. మరమ్మతు చౌక అయిన మాట నిజమే. కాని కొత్త బండీ చౌకయినందున పాతదాని ధర మెత్తబడే వీలుంది.

జర్మనీలో లాంజ్ బుల్‌డాగ్ వంటి వాటికి అభిమానులు మంచి ధర పెడతారు. ఆ మాట విని ఇక్కడ ఆశ పడరాదు. 50 ఏళ్లు దాటిన వాహనాలకు 2021లో వచ్చిన ప్రత్యేక 'వింటేజ్' రిజిస్ట్రేషను ద్విచక్ర వాహనాలకు, కార్లకే గాని ట్రాక్టర్లకు వర్తించదు.

ఆర్.సి. పుస్తకం మరణించిన తండ్రి పేర ఉండడం, అప్పు తీరినా బ్యాంకు తనఖా నమోదు రద్దు కాకపోవడం పాతబండ్లలో తరచు కనిపించేదే. మహారాష్ట్ర కొనుగోలుదారుకు అమ్మాలంటే ఇక్కడి రవాణా కార్యాలయం నిరభ్యంతర పత్రం కూడా కావాలి. కాగితం లేని బండికి ఇంజను ఎంత బాగున్నా ఇనుము ధర దాటదు.

మరమ్మతుకే మొగ్గితే యాసంగి కోతలు ముగిసిన వెంటనే షెడ్డుకు చేర్చడం మేలు. మృగశిర దగ్గరపడ్డాక మెకానిక్కు చేతికి దొరకడు.