గీత దాటిన బంతి

ఫుట్‌బాలాట చూచువారి యిండ్లలో ఆట ముగిసినంతనే మాట ముగియదు. మఱునాటి భోజనముల వేళ గూడ తండ్రియు కొడుకులును దానినే తలపోయుచుందురు. రెఫరీ యన్యాయము చేసెనని యొకరు, మనవారికి ఆడుటయే చేతకాలేదని వేఱొకరు. అన్నము చల్లారును గాని వాదము చల్లారదు. వడ్డించు నిల్లాలికి ఇది యంతయు పనిలేని రగడగా దోచుట సహజమే. అయినను సంగతి తెలిసికొన్నచో ఆమెయు తీర్పు చెప్పగలదు. ఏలయన ఇందలి ప్రశ్న మిక్కిలి చిన్నది: బంతి గీత దాటినదా, లేదా?

మైలవరమునందు గాని, కృష్ణాతీరమునందలి తక్కిన యూళ్లయందు గాని బంతియాట యనిన పెక్కుమందికి క్రికెట్టే. కాని వాదులాటకు ఆట యేదైన నేమి? మైలవరము ఒకప్పుడు నాటకసమాజముచే పేరు గాంచిన యూరు. నటుడు పాడిన పద్యమును గూర్చి తగవులాడుట మన పెద్దల కలవాటే. నేటి పిల్లలకు నటునికి బదులు రెఫరీ దొరకెను.

2024 జూన్ 11వ తేదీన దోహాలో భారతదేశపు జట్టునకును ఖతారు జట్టునకును పోటీ జరిగెను. ప్రపంచకప్పునకు బోవు మార్గములో నది రెండవ మెట్టు. గెలిచినచో మూడవ మెట్టున కెక్కుదుము. అంతకు ముందెన్నడును మన జట్టు అక్కడ కాలు మోపి యుండలేదు. 37వ నిమిషమున లాలియన్‌జువాలా ఛాంగ్టే గోలు చేసెను. 73వ నిమిషము వఱకు మనదే పైచేయి. అప్పుడు ఖతారువారు తలతో గొట్టిన బంతిని మన గోలుకీపరు గుర్‌ప్రీత్ సింగ్ సంధూ అడ్డగించెను. బంతి దొర్లి, గోలుకంబము ప్రక్కగా గీత దాటి బయటకు బోయెను. ఖతారు ఆటగాడొకడు దానిని వెలుపలినుండి కాలితో లోనికి లాగెను. యూసఫ్ అయ్‌మన్ అనువాడు గోలులోనికి దన్నెను. కొరియాదేశపు రెఫరీ గోలు చెల్లునని తీర్పు చెప్పెను. మనవా రెంత మొఱపెట్టుకొన్నను వినలేదు. 85వ నిమిషమున మఱియొక గోలు పడెను, 1-2తో నోడితిమి. భారత ఫుట్‌బాలు సమాఖ్య విచారణ కోరుచు ఫిఫాకు వ్రాసెను గాని ఫలితము మాఱలేదు.

నిబంధన యేమి? బంతి పూర్తిగా గీత దాటిననే బయటకు బోయినట్లు. నేలమీదనైనను గాలిలోనైనను ఇదే లెక్క. దీనిని గ్రహించుటకు వాకిట ముగ్గు వేయువారికంటె తగినవారు లేరు. ముగ్గుగీత ప్రక్కన గుండ్రని చెంబు నొకదాని నుంచుడు. దాని అడుగు గీతకు ఆవల నుండును గాని, పొట్ట యుబ్బి గీతమీదికి వచ్చి యుండును. ప్రక్కనుండి చూచువారు దాటినదందురు. నిలువుగా పైనుండి చూచువారు దాటలేదందురు. ఆటలో చెల్లునది పైనుండి చూచువారి మాటయే.

2022 డిసెంబరు 1వ తేదీన అదే ఖతారుదేశమున, ప్రపంచకప్పులో జపానువారు స్పెయినుమీద చేసిన రెండవ గోలు ఇట్టిదే. మితోమా యనువాడు గీతకడనుండి బంతిని లోనికి దన్నినపుడు, అది బయటకు బోయినదనియే పెక్కండ్రు తలచిరి. కెమెరాలతో పరిశీలింపగా బంతియంచు రెండు మిల్లీమీటర్లకు లోపుగా గీతమీద నున్నదని తేలెను. జపాను 2-1తో గెలిచెను. ఆ ఫలితముచే జర్మనీ యింటిముఖము పట్టెను. అదే రాత్రి జర్మనీ, కోస్టారికాల యాటకు రెఫరీ స్టెఫనీ ఫ్రాపార్ అను ఫ్రెంచి వనిత. పురుషుల ప్రపంచకప్పు ఆటలో ఈల పట్టిన తొలి స్త్రీ ఆమెయే. మైదానమున ఆమెకు తోడుగా గీతలకడ నిలిచిన సహాయకులిద్దఱును స్త్రీలే. ఈ మాట మన మగవారి వాదములలో అంతగా వినబడదు!

2024నాటి మన యాటకు ఆ కెమెరాల యేర్పాటు లేదు. రెఫరీ కన్ను, గీతకడ నిలిచిన సహాయకుని కన్ను, అంతియే. తరువాత చిత్రములు చూచినవారికి సందేహము మిగులలేదు. ఇక్కడ చెంబుపొట్ట వాదము పనికిరాదు; బంతి పూర్తిగా వెలుపలికే పోయినది. కావున రెఫరీని తప్పుపట్టువారిదే న్యాయము.

అంతటితో నాపినచో మాత్రము జమాఖర్చులలో ఒక ప్రక్కనే చూచినట్లగును. ఆ మెట్టులో మనవా రాడిన యాట లాఱు. కువైటులో 1-0తో గెలిచిరి. భువనేశ్వరమున ఖతారుచేత 0-3తో నోడిరి. ఆఫ్గనిస్తానుతో 0-0. తరువాత 2024 మార్చి 26న గౌహతిలో, మన యింటనే, అదే ఆఫ్గనిస్తానుచేత 1-2తో నోటమి. కలకత్తాలో కువైటుతో 0-0. ఆ మీద దోహా. ఆఱు యాటలలో చేసిన గోలులు మూడు; అందొకటి పెనాల్టీ. తుదకు కువైటునకు 7 పాయింట్లు, మనకు 5. గెలుపునకు మూడు పాయింట్లు గదా! గౌహతిలో గెలిచియున్నచో మనకు 8 వచ్చి, దోహాలో రెఫరీ కన్ను మూసికొన్నను మూడవ మెట్టు మనకే దక్కెడిది. సోదరీమణులారా, ఇంటివారు రెఫరీని దిట్టుచున్నపుడు గౌహతి మాట యొకమాఱు అడిగి చూడుడు. ఆ నెల 17వ తేదీన శిక్షకుడు ఇగోర్ స్టిమాచ్‌ను తొలగించిరి. గోలు చేయువారి కొఱత మాత్రము దానితో దీరదు.

ఆట చేతనైన దినములును మనకు గలవు. 1948 లండను ఒలింపిక్సులో పలువురు వట్టికాళ్లతో నాడి, దొరకిన రెండు పెనాల్టీలను బోగొట్టుకొని ఫ్రాన్సుచేత 1-2తో నోడిరి. తరువాత హైదరాబాదువారైన సయ్యద్ అబ్దుల్ రహీముగారు శిక్షకులైరి. ఆయన మొదట బడిపంతులు. ఆయన చేతిక్రింద మన జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణము గొనెను. 1956 మెల్బోరున్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి నాలుగవ స్థానమందెను. 1962లో జకార్తాయం దొక రాజకీయ తగవుచే ప్రేక్షకులు మనవారిని వేలకొలదిగా గేలి చేయుచుండగా, దక్షిణకొరియాను 2-1తో గెలిచి మరల స్వర్ణము తెచ్చిరి. అప్పటికే రహీముగారు క్యాన్సరు పీడితులు. 1963 జూన్‌లో కన్నుమూసిరి.

స్త్రీల జట్టునకును ఇదే లెక్క కట్టి చూడుడు. 2025లో థాయిలాండునందలి చియాంగ్‌మాయిలో ఆసియాకప్పు అర్హతకై మన స్త్రీలు నాలుగు యాట లాడి 24 గోలులు చేసిరి. మంగోలియామీదనే పదమూడు. మంగోలియా బలహీనమైన జట్టని యొప్పుకొందము. ఆ జట్టులో నిజామాబాదు ప్రాంతపు తండాలో బుట్టిన మన తెలుగుపిల్ల గుగులోత్ సౌమ్యయు గలదు. జూలై 5న తుదియాట థాయిలాండుతోనే: ఊరు వారిది, కేకలు వారివి. ఒకటి కొకటిగా నున్నపుడు, 74వ నిమిషమున సంగీతా బాస్‌ఫోర్ తన రెండవ గోలు చేసెను. అర్హతపోటీలలో గెలిచి ఆసియాకప్పునకు బోవుట మన స్త్రీలజట్టునకు అదియే ప్రథమము.