సముద్ర మట్టానికి సున్నా ఎక్కడ?

చేవెళ్ల వైపు గట్టి వాన పడిందంటే మొయినాబాద్‌కు అటూ ఇటూ ఉన్న గండిపేట, హిమాయత్‌సాగర్ల మట్టం వార్తల్లోకెక్కుతుంది. హిమాయత్‌సాగర్ ఫుల్ ట్యాంక్ లెవెల్ 1763.50 అడుగులు. అది జలాశయం లోతు కాదు సుమా, సముద్ర మట్టం నుంచి లెక్క. మరి ఆ సముద్రాన్ని కొలిచిందెక్కడ?

1909 నాటి సర్వే ఆఫ్ ఇండియా లెక్కకు తొమ్మిది రేవుల్లోని ఆటుపోట్ల కొలతలు ఆధారం. విశాఖపట్నం అందులో ఒకటి. అయితే రేవులో బిగించిన స్కేలు నేలతోపాటే కుంగుతుంది, నేలతోపాటే లేస్తుంది. నీళ్లు పెరిగాయో, నేల దిగిందో అదొక్కటే తేల్చలేదు. పైగా నడిసముద్రంలో స్కేలు పాతేదెలా?

ఆ లోటు తీర్చడానికి వచ్చిందే అంతరిక్షం నుంచి సముద్రపు ఎత్తును కొలిచే రాడార్ ఆల్టీమీటర్. 1973లో స్కైలాబ్ అంతరిక్ష కేంద్రంలో దాన్ని పరీక్షించారు. 1978 నాటి సీశాట్ ఉపగ్రహం మూడు నెలల పైచిలుకు పనిచేసి మూగబోయింది. 1992 ఆగస్టులో ఎగిరిన టోపెక్స్-పొసైడాన్‌తో అసలు కథ మొదలైంది. 1993 నుంచి ప్రపంచ సముద్రాల సగటు మట్టం సుమారు 10 సెంటీమీటర్లు పెరిగిందని చెబుతున్నది ఈ వంశపు ఉపగ్రహాలే.

2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ20 మోసుకెళ్లిన ‘సరళ్’ ఇస్రో, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థల ఉమ్మడి బిడ్డ. దాని ఆల్టీమీటర్ పేరు ఆల్టికా. సుమారు 800 కిలోమీటర్ల పైనుంచి అది వదిలిన తరంగం నీటిని తాకి తిరిగి రావడానికి పట్టేది సెకనులో రెండొందలో వంతు. అందులో సెకనులో 1500 కోట్లో వంతు తేడా వచ్చినా ఎత్తులో ఒక సెంటీమీటరు తప్పుతుంది! గాలిలోని తేమ తరంగాన్ని కాస్త ఆలస్యం చేస్తుంది గనుక ఆ తేమను కొలిచే రేడియోమీటరు కూడా వెంట ఉంది. ఇక ఉపగ్రహం తానెక్కడుందో సెంటీమీటర్ల లెక్కన తెలియకపోతే ఈ కొలతంతా వృథా. అందుకే నేల మీది డోరిస్ కేంద్రాల రేడియో సంకేతాలతో దాని కక్ష్యను లెక్కగడతారు. అప్పుడు సముద్రపు ఎత్తు భూకేంద్రం నుంచి దొరుకుతుంది. రేవు కుంగినా బాధ లేదు.

ఆల్టికాది సుమారు 8 మిల్లీమీటర్ల తరంగం, పాతవాటిది రెండు సెంటీమీటర్ల పైమాట. ఇది తీరానికి మరింత దగ్గరగా చూడగలదు. కానీ జోరువానలో దీని సంకేతం బాగా నీరసిస్తుంది. రుతుపవనాల దేశానికి ఇదొక ఇబ్బందే.

2016 జులై నుంచి సరళ్‌ను పాత దారిలోనే కచ్చితంగా తిప్పడం మానేసి, కక్ష్యను జారనిచ్చారు. దాంతో పాత దారుల మధ్య అంతకుముందు చూడని సందులు కూడా దాని కింద పడ్డాయి. సముద్రగర్భంలోని కొండ తన ఆకర్షణతో పైనున్న నీటిని చుట్టూ ఉన్నదానికన్నా కొంచెం ఎత్తుగా పోగేస్తుంది. ఆ చిన్న ఉబ్బులను పట్టుకుని అడుగునున్న కొండల పటాలను మెరుగుపరిచారు.