రంగు కన్నా ముందు మీటర్లు!

కొవ్వూరు: పాత అంబాసిడర్ కారును ముచ్చటపడి బాగుచేయించేవారు తొలుత ఖర్చు పెట్టేది రంగుకే. డ్యాష్‌బోర్డు మీటర్ల వంతు ఆఖరున వస్తుంది. గోదావరి తీరపు వేసవి ఎండల్లో ఇది ముప్పే. టెంపరేచర్ మీటరు ముల్లు కదలకపోతే ఇంజను కాగుతున్న సంగతి తెలియదు. హెడ్ గ్యాస్కెట్ పోయాక తెలిసి లాభం లేదు.

ఈ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. కనుక పాత మీటరును పారవేయక బాగుచేయించుకోవడమే మేలు. చాలాసార్లు లోపం మీటరులో ఉండదు. పెట్రోలు ముల్లు లేవకపోతే ముందు ఫ్యూజు, ఎర్తు వైరు, ట్యాంకులోని ఫ్లోటు చూడాలి. స్పీడోమీటరు ముల్లు వణుకుతుంటే గేరుబాక్సు నుంచి వచ్చే కేబులును పరీక్షించాలి. చిలుము పట్టిన టెర్మినళ్లను ఉప్పుకాగితంతో రుద్దాలి. పనికి ముందు బ్యాటరీ వైరు విప్పడం తప్పనిసరి.

మీటర్లలో ఎల్‌ఇడి బల్బులు వేయిస్తే తక్కువ కరెంటుతో రాత్రివేళ అంకెలు స్పష్టంగా కనిపిస్తాయి. అయితే ప్లస్, మైనస్‌లు తారుమారైతే అవి వెలగవు.

మీటరు మార్చక తప్పనప్పుడు పాతదానిలోని కిలోమీటర్ల అంకెను, మార్చిన తేదీని రాసి భద్రపరచాలి. రేపు బండి అమ్మదలిస్తే కొనేవారికి నమ్మకం కలిగించేది ఆ లెక్కే.