బరువు తగ్గించే మందులు – ముందు అడగవలసిన ప్రశ్న

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఊబకాయం గురించి వ్యాసమేమిటని కొందరు మిత్రులకు నవ్వు రావచ్చు. కోడిగుడ్డు పెట్టే రోజు కోసం ఎదురుచూసిన వాళ్ళం మనం. బి.ఫార్మసీలో చేరేవరకు నేనూ ఇది డబ్బున్నవాళ్ళ జబ్బనే అనుకున్నాను. కానీ 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది మహిళలు ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. వాళ్ళలో మన అమ్మలు, పిన్నులు లేరనుకోవడానికి వీల్లేదు.

మా పిన్ని సంగతే చెబుతాను. కూలి పనులు మాని పట్నంలో కుట్టుమిషన్ ముందు కూర్చున్నాక కాస్త ఒళ్ళు చేసింది. ఆ తర్వాత మోకాళ్ళ నొప్పులు. వీధి చివర ఆర్.ఎం.పి. పొట్లం కట్టి ఇచ్చిన మాత్రలు వేసుకుంటే నొప్పి చేత్తో తీసేసినట్టు పోయేది. ఆపితే మళ్ళీ వచ్చేది. అలా ఏడాది పైగా వాడింది. ముఖం గుండ్రంగా ఉబ్బింది, పొట్ట పెరిగింది, కాళ్ళు చేతులు మాత్రం సన్నబడ్డాయి. బరువు 63 కిలోలకు చేరింది. ఎవరో చెప్పగా చీటీ డబ్బులో 2,400 రూపాయలు తీసి బరువు తగ్గించే మూలికా క్యాప్సూల్స్ డబ్బా కొన్నది. నాలుగు రోజులకే గుండె దడ, నిద్ర పట్టకపోవడం.

సెలవులకు వెళ్ళినప్పుడు ఆమెను తెలిసిన ఒక మందుల షాపుకు తీసుకువెళ్ళాను. అక్కడి ఫార్మసిస్టు డబ్బా వైపు చూడనైనా చూడకుండా, "అమ్మా, బరువు సంగతి తర్వాత. ఇంట్లో వాడుతున్న మందులన్నీ కవరులో వేసి తెచ్చి చూపించండి" అన్నారు. ఫార్మసీ చదువుతున్న నాకు ఆ మాట అడగాలని తోచలేదు. రాయడానికి సిగ్గుగానే ఉంది.

పొట్లాల్లో ఒక చింపిన స్ట్రిప్ ముక్క దొరికింది. దాని మీద డెక్సామెథాసోన్ అని ఉంది. అది స్టెరాయిడ్. అవసరమైన చోట ప్రాణం నిలబెట్టే మందే. కానీ నెలల తరబడి వాడితే ఆకలి పెంచుతుంది, కొవ్వును ముఖానికి, మెడ వెనుకకు, పొట్టకు చేరుస్తుంది, కండను కరిగిస్తుంది, షుగరు, బి.పి. పెంచుతుంది, ఎముకలను గుల్ల చేస్తుంది. (సన్నగా ఉన్నామని, ఒళ్ళు రావాలని ఇవే మాత్రలు మింగే తమ్ముళ్ళున్నారు. వాళ్ళూ ఈ పేరా ఇంకోసారి చదవాలి.)

అయినా ఆయన "వెంటనే మానెయ్యండి" అనలేదు. మాత్ర రూపంలో స్టెరాయిడ్ చాలాకాలం అందుతుంటే మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకుంటాయి. ఒక్కసారిగా ఆపితే వాంతులు, నీరసం, బి.పి. పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. అందుకే వివరాలన్నీ కాగితం మీద రాసి ప్రభుత్వాసుపత్రికి పంపారు. అక్కడ డాక్టరుగారు మోతాదును వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించారు.

మూలికా క్యాప్సూల్స్ మాత్రం ఆ రోజే ఆపించారు. సిబుట్రమిన్ అనే మందు గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతున్నదని తేలి 2010లో అమెరికా, ఐరోపాల్లో మార్కెట్ నుంచి పోయింది. 2011లో మన దేశమూ నిషేధించింది. అయినా మూలికల పేరుతో అమ్మే అనేక రకాల క్యాప్సూల్స్‌లో అది రహస్యంగా కలిపి ఉన్నట్టు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పరీక్షల్లో బయటపడింది. పిన్ని డబ్బాను మేము పరీక్ష చేయించలేదు కాబట్టి అందులో అదే ఉందని అనను.

స్టెరాయిడ్లే కాదు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, మానసిక వ్యాధులకు వాడే ఒలాంజపైన్ కూడా బరువు పెంచుతాయి. వీటిని సొంతంగా మానకూడదు. మార్చే వీలుందా అని డాక్టరును అడగవచ్చు.

బరువు నిజంగా ఎక్కువో కాదో లెక్క కట్టడం తేలికే. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తును రెండుసార్లు గుణిస్తే వచ్చిన సంఖ్యతో భాగించాలి. పిన్ని ఎత్తు 1.5 మీటర్లు. 63ను 2.25తో భాగిస్తే 28. మన దేశపు వారికి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము కొలత ఆడవారికి 80, మగవారికి 90 సెంటీమీటర్లు మించకూడదు.

ఇక అసలైన మందులు. ఓర్లిస్టాట్ పేగుల్లో కొవ్వును అరిగించే ఎంజైమును అడ్డుకుంటుంది. తిన్న కొవ్వులో సుమారు 30 శాతం అరగకుండా బయటకు పోతుంది. నూనె ఎక్కువ తింటే విరేచనం కూడా నూనెగా, ఆపుకోలేనట్టు వస్తుంది. విటమిన్ల మాత్ర వాడితే రెండు గంటల ఎడం ఉండాలి. మూడు పూటలా అన్నం, పలుచని చారుతో తినేవారికి దీనితో ఒరిగేది తక్కువే, ఎందుకంటే అన్నం జోలికి అది పోదు. ఈ సంగతి కొనేవారికి చెప్పేవారు అరుదు.

2025లో టిర్జెపటైడ్, బరువు కోసం సెమాగ్లూటైడ్ సూదిమందులు మన దేశానికి వచ్చాయి. వారానికొకసారి చర్మం కింద వేసుకోవాలి. పేగుల్లో పుట్టే హార్మోన్లలా పనిచేసి, కడుపు నిండిందని మెదడుకు చెబుతాయి. 2021లో వెలువడిన ఒక పరిశోధనలో సెమాగ్లూటైడ్ వాడినవారు 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గారు, మందులేని సూది తీసుకున్నవారు 2.4 శాతమే. అయితే ఆపిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. టిర్జెపటైడ్ వచ్చినప్పుడు ఒక వారానికి సరిపోయే 2.5 మిల్లీగ్రాముల సీసా ధర 3,500 రూపాయలు. మన ఇళ్ళ లెక్క మీకు తెలుసు.

ఇక్కడే ఫార్మసిస్టు పని ఉంది. ఇంట్లో ఫ్రిజ్ ఉందా, గర్భం వచ్చే అవకాశముందా, పాంక్రియాస్ వాపు ఎప్పుడైనా వచ్చిందా, షుగరుకు గ్లిమెపిరైడ్ వాడుతున్నారా అని అడగాలి. గ్లిమెపిరైడ్‌తో కలిస్తే షుగరు మరీ పడిపోవచ్చు. వికారం, వాంతులు తగ్గాలంటే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెల నెలా పెంచాలని చెప్పాలి. రోగికి ఇలా వివరించడం 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల్లో ఫార్మసిస్టు బాధ్యతగానే ఉంది. కానీ కొన్ని షాపుల్లో సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంది, మనిషి కనిపించడు.

పొడులు, షేకులు, గ్రీన్ టీల గురించి చెప్పవలసింది కొంచెమే. ఇసబ్‌గోల్ పీచు నిండు గ్లాసు నీళ్ళతో తాగితే కడుపు నిండినట్టుంటుంది, చవక కూడా. బెల్టులు కొవ్వును కరిగించవు.

పిన్ని ఇప్పుడు 58 కిలోలు. మోకాళ్ళకు ఆసుపత్రిలో నేర్పిన వ్యాయామాలు చేస్తున్నది. ఆ కొత్త సూది తనకూ అవసరమా అని డాక్టరుగారిని అడిగిందట. షుగరు, బి.పి. బాగానే ఉన్నాయి, ఇప్పుడు వద్దన్నారట. ఆసుపత్రికి మాత్రం మందుల కవరు చంకలో పెట్టుకునే వెళుతున్నది.