మీకు తెలుసా? తెర మీద అమితాబ్ తల్లి అసలు వృత్తి నాట్యం!

'చీనీ కమ్' (2007) సినిమాలో అరవై దాటిన కొడుకు అమితాబ్‌ని జిమ్‌కి వెళ్లమని పోరు పెట్టే ముసలి తల్లి గుర్తుందా? ఆమె జోహ్రా సెహగల్. ఆ సినిమా విడుదలయ్యేనాటికి ఆవిడకి 95 ఏళ్లు నిండాయి. హిందీ సినిమా ఆవిడని అల్లరి బామ్మగానే వాడుకుంది. కానీ ఆ బామ్మ వేషాలకి ముందు ఎంత కథ ఉందో చూడండి.

1912లో రాంపూర్ నవాబుల వంశానికి చెందిన పఠాన్ కుటుంబంలో పుట్టారు. లాహోర్‌లో బురఖా వేసుకుని చదువుకున్న అమ్మాయి, జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్లి మేరీ విగ్మన్ దగ్గర ఆధునిక నృత్యం నేర్చుకుంది. 1935లో ఉదయ్‌శంకర్ బృందంలో చేరి దేశదేశాలు తిరిగారు. తర్వాత అల్మోరాలో ఆయన పెట్టిన నృత్యకేంద్రంలో పాఠాలు చెప్పారు. తనకంటే ఎనిమిదేళ్లు చిన్నవాడైన కామేశ్వర్ సెహగల్‌తో పరిచయం అక్కడే. 1942 ఆగస్టులో పెళ్లి. రావలసిన నెహ్రూ, క్విట్ ఇండియా అరెస్టుల్లో జైలుకి వెళ్లడంతో రాలేకపోయారు!

1945లో నెలకి 400 రూపాయల జీతం మీద పృథ్వీరాజ్ కపూర్ నాటక సంస్థ 'పృథ్వీ థియేటర్స్'లో చేరారు. నాయిక వేషాలు ఆవిడవి కావు, చెల్లెలు ఉజ్రావి. అక్క నాట్యాలు కూర్చుతూ పక్క పాత్రలు వేశారు. ఊరూరా రైళ్లలో తిరుగుతూ దాదాపు 14 ఏళ్లు అలాగే గడిపారు. నన్నడిగితే జోహ్రాని నటిగా తయారుచేసింది ఈ ఏళ్లే, కెమెరా కాదు.

అలాగని సినిమా ఆవిడకి కొత్తేం కాదు. 1946లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పంచుకున్న 'నీచా నగర్'లో ఓ పాత్ర ఆవిడదే. గురుదత్ తొలిసారి దర్శకత్వం వహించిన 'బాజీ' (1951)కి నృత్యాలు కూర్చిందీ ఆవిడే. గురుదత్ కూడా అల్మోరా విద్యార్థే సుమా!

1959లో భర్త పోయారు. 1962లో లండన్ చేరారు. అక్కడ వేషాలు దొరకడం అంత తేలిక కాలేదు. తెర వెనక నటులకి దుస్తులు అందించే పని కూడా చేశారు. 1984లో 'ద జ్యూయెల్ ఇన్ ద క్రౌన్' టీవీ ధారావాహికలో లేడీ ఛటర్జీ పాత్ర వచ్చేసరికి వయసు డెబ్బై దాటిపోయింది. ఇంకొకరైతే విశ్రాంతి తీసుకునే వయసు. ఆవిడకి మాత్రం అప్పుడే గిరాకీ మొదలైంది!

ఇక అన్నిటికన్నా అపురూపమైన సంగతి 1993 నాటిది. చెల్లెలు ఉజ్రా పాకిస్తాన్ వెళ్లిపోవడంతో అక్కచెల్లెళ్ల మధ్య సరిహద్దు వచ్చిపడింది. దశాబ్దాల తర్వాత ఇద్దరూ లాహోర్‌లో ఒకే వేదిక ఎక్కారు. 'ఏక్ థీ నానీ' అనే ఆ నాటకం వాళ్లిద్దరి జీవితాల్ని ఆధారం చేసుకుని రాసిందే. అప్పటికి అక్కకి 81, చెల్లెలికి డెబ్బై దాటాయి.

పద్మశ్రీ 1998లో, పద్మభూషణ్ 2002లో, పద్మవిభూషణ్ 2010లో వచ్చాయి. అంటే మొదటి పద్మం అందేనాటికే ఆవిడకి ఎనభై అయిదు దాటాయి. 2014 జులై 10న ఢిల్లీలో కన్నుమూశారు. అప్పటికి ఆవిడ వయసు 102.