నేత్రదానం: ఫారం నింపితే సరిపోదు.. ఆ 6 గంటలే కీలకం!

లయన్స్ క్లబ్ మీటింగ్ అంటే శాలువాలు, ఫొటోలేనా? చాలాచోట్ల నేత్రదానం ఫారాలు నింపేదీ అక్కడే. 1925లో అమెరికాలో జరిగిన లయన్స్ సదస్సులో అంధులకు అండగా నిలవమని హెలెన్ కెల్లర్ కోరారు. అప్పట్నుంచి కంటి సేవ ఈ క్లబ్బులకు ముఖ్యమైన పని అయింది.

అయితే సంతకం పెట్టినంత మాత్రాన దానం జరిగిపోదు. మనిషి పోయాక ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి, వాళ్లే ఐ బ్యాంక్‌కు ఫోన్ చేయాలి. సాధారణంగా 6 గంటల్లోపు కార్నియా తీయాలి. టీమ్ వచ్చేలోపు ఫ్యాన్ ఆపేసి, కళ్లు మూసి, రెప్పలపై తడి దూది పెట్టాలి. తల కింద దిండు ఉంచాలి. కళ్లద్దాలు వాడినా, శుక్లాల ఆపరేషన్ అయినా ఇవ్వొచ్చు.

ఏడుపుల మధ్య ఇవన్నీ ఎవరికి గుర్తుంటాయ్? అందుకే సంతకం పెట్టిన రోజే ఇంట్లో చెప్పేయండి. ఐ బ్యాంక్ నంబర్ అందరి ఫోన్లలో సేవ్ చేయించండి.