బొటనవేలు పోతే ముప్పై శాతమేనా?

ప్రెస్ మిషన్ మీద పనిచేసే తమ్ముడికి బొటనవేలు తెగిపోయిందనీ, చట్టంలో దానికి 30 శాతం అని ఉందనీ, అది దేనిలో 30 అనీ ఒక పాఠకుడు అడిగారు. కొత్త కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి కాబట్టి ఈ ప్రశ్నకు ఇదే అదను.

పునాది గబగబా చెప్పేస్తాను. 1923 నాటి పరిహార చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. పనిలో, పని వల్ల దెబ్బ తగిలితే యజమాని తప్పు నిరూపించనక్కర్లేదు. పనికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదం కూడా, ఉద్యోగంతో సంబంధం కనబడితే, లెక్కలోకి వస్తుంది. ఈఎస్‌ఐ ఉన్నవారికి సాయం అక్కడి నుంచే.

ఇక అసలు అందమంతా వయసు ఫ్యాక్టర్‌లో ఉంది. శాశ్వతంగా ఏ పనికీ పనికిరాకుండా పోతే నెల జీతంలో 60 శాతాన్ని, ప్రాణం పోతే 50 శాతాన్ని దీనితో గుణిస్తారు. చట్టం పట్టికలో ఈ ఫ్యాక్టర్ 20 ఏళ్లకు 224, 30కి 207.98, 50కి 153.09, 60కి 117.41. మిగిలిన సర్వీసు నెలలే ఫ్యాక్టర్ అనుకుంటే పొరపాటు. ముప్పై ఏళ్లవాడికి అరవై దాకా 360 నెలలున్నాయి, పట్టికలో 208 కూడా లేదు! ఎన్నో ఏళ్లపాటు నెలనెలా రావలసిన సొమ్ము ఇవాళే ఒక్కమొత్తంగా చేతికొస్తే దానికి వడ్డీ పుడుతుంది. అందుకే దూరపు నెలలు ఇవాళ్టి లెక్కలో చిక్కిపోతాయి. ఇరవై నుంచి ముప్పైకి ఫ్యాక్టర్ 16 మాత్రమే తగ్గితే, యాభై నుంచి అరవైకి 35కు పైగా తగ్గడం ఈ రకం లెక్కలన్నిటికీ ఉండే రూపమే. 65 దాటినా 99.37 మిగులుతుంది. ముసలి కూలీ చేతులకు విలువ లేదనని ఆ అంకె అంటే నాకు ఎంతో గౌరవం.

తమ్ముడి వయసు 30, జీతం 15,000 అనుకుందాం. అందులో 60 శాతం, అంటే 9,000ని 207.98తో గుణిస్తే 18,71,820. ఇది పూర్తి నష్టానికి ఇచ్చే మొత్తం. బొటనవేలికి ఈ మొత్తంలో 30 శాతం, అంటే 5,61,546 రూపాయలు.

అయితే 30తో ఆగిపోనక్కర్లేదు. మోచేతి పైన ఎడమచేయి తీసేయాల్సి వచ్చిన ఒక వడ్రంగి కేసులో, అది పాక్షిక నష్టమేనని యజమాని వాదించాడు. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కనుక నష్టం నూటికి నూరని 1975లో సుప్రీంకోర్టు తేల్చింది. పరిహారం ప్రమాదం నాడే బాకీ పడుతుందని కూడా నలుగురు న్యాయమూర్తుల ఆ ధర్మాసనం చెప్పింది. 2007లో ఇద్దరు న్యాయమూర్తుల తీర్పు దీన్ని కాదని, ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి అంది. 2012లో కోర్టే మళ్లీ దారికి తెచ్చింది. నెలలోగా కట్టకపోతే 12 శాతం వడ్డీ వేసే చట్టంలో ఆ తేడా చిన్నది కాదు.

నాకు మింగుడుపడనిది జీతం పరిమితి. 2020 జనవరి నుంచి అది 15,000. తమ్ముడు ముప్పై వేలు తెచ్చుకుంటున్నా లెక్కకు ఎక్కేది సగమే. ఇంత తెలివైన ఫ్యాక్టర్‌ను పెట్టుకుని, దాన్ని పాతబడ్డ జీతంతో గుణించడం అన్యాయం.